డబ్బా ఒకటి, లోపల ఇంకొకటి

ఏమండీ,

కారు తాళాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి. మీ పాత ప్యాంటు జేబులు కత్తిరించి క్యాసెట్లకు సంచి కుట్టాను, సీటు వెనక తగిలించి వెళ్తాను. ఇకనైనా అందులో పెట్టండి. నిన్న ఒక క్యాసెట్ బ్రేకు కింద దూరి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముందు అద్దం దగ్గర పెట్టింది ఎండకు విల్లులా వంగింది. పైగా ఏ క్యాసెట్ చూసినా డబ్బా ఒకటి, లోపల ఇంకొకటి. మీకు చెప్పడం, గోడకు చెప్పడం ఒకటే.

పెళ్లికి ముందు నేను పాడిన క్యాసెట్ ఏ డబ్బాలోనూ లేదు. ఎక్కడ పారేశారు?

సంచి తగిలించి మళ్లీ పైకొచ్చి రాస్తున్నా. అది కారు టేప్‌రికార్డర్‌లోనే ఉంది. ఇంట్లో నేను కూనిరాగం తీస్తే తలనొప్పి అనే మనిషి, దాన్ని అరిగిపోయేదాకా విన్నారు. అదొక్కటీ సంచిలో పెట్టకండి.