శారద కారులో చల్లగాలి

ఫిబ్రవరి 11, శనివారం

నా రిపేరు షెడ్డు ముందు పడవంత కారు ఆగింది. అమెరికాది. గుడివాడ బజారు సగం దాని వెంటే వచ్చింది. దిగినాయన రామబ్రహ్మంగారు, ముదినేపల్లి దగ్గర రైతు. మద్రాసులో పాతది చూసి కొన్నారట.

'ఓడలో చల్లగది మిషను చూసేవాడివటగా? దీంట్లో చల్లగాలి వచ్చేదయ్యా. ఇప్పుడు వేడిగాలి కొడుతోంది. చూడు సత్యం...'

ఓడ దిగి ఊరొచ్చాక ఆయిలు ఇంజన్లు, రైసుమిల్లు బెల్టులు — ఇదే బతుకు. చల్లటి పైపు ముట్టుకుని ఎన్నాళ్లయిందో. సరేనన్నాను. డాబుకి కొన్నారనుకున్నాను. మా ఆవిడ రత్నమూ అదే అంది — 'చేలో లేని చల్లగాలి కారులో కావాలా ఏం?'

ఫిబ్రవరి 13

డాబుకి కాదు.

ఆయన కూతురు శారద. పదహారేళ్లు. ఒంటికి చెమట పట్టదు, పుట్టుక నుంచీ. ఎండ తగిలితే ఒళ్లు కాగిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. శివరాత్రి దాటితే గడప దాటదట. తడి దుప్పటి చుట్టుకుని, వట్టివేళ్ల తడికల వెనక కూర్చుని చదువుకుంది. ఏప్రిల్లో బందరులో మెట్రిక్ పరీక్ష, ప్రైవేటుగా. అందుకీ కారు.

ఆయన ఇదంతా నా మొహం చూడకుండా చెప్పారు, కారు తలుపు తుడుస్తూ.

రత్నానికి చెప్పాను.  'బాగుచెయ్యండి' అంది.

ఫిబ్రవరి 14

మిషనంతా విప్పి చూశాను. ఇంజను పక్కన కంప్రెసరు, బెల్టుతో తిరుగుతుంది. చల్లబరిచే పెట్టె వెనక డిక్కీలో. రెండింటి మధ్య కారు పొడవునా పైపులు. గ్యాసు చుక్క లేదు. ఎటో పోయింది. ఎటు?

రేడియేటరు ముందున్న జాలీ నిండా ఊక, చచ్చిన పురుగులు. గాలి దూరే సందే లేదు. పళ్లు తోముకునే బ్రష్షుతో కడిగాను. అది రత్నం బ్రష్షని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 17

బెజవాడ వెళ్లొచ్చాను. ఓడలో నాతో పనిచేసిన డేవిడ్ అక్కడ సినిమా హాల్లో కూలింగ్ చూస్తున్నాడు. ముందు గ్యాసు ఇవ్వడం కుదరదన్నాడు. శారద సంగతి చెప్పాను. 'ముందే చెప్పవేం బావా' అన్నాడు. యజమానితో మాట్లాడి చిన్న సిలిండరు గ్యాసు ఇప్పించాడు, లీకు దీపం కూడా. మంటకి గ్యాసు సోకితే ఆకుపచ్చగా మారే దీపం అది.

బస్సులో సిలిండరు ఒళ్లో పెట్టుకుని వచ్చాను, చంటిబిడ్డలా.

ఫిబ్రవరి 18

ముందు కొంచెం గ్యాసే ఎక్కించాను. ప్రతి అతుకు మీదా కుంకుడు నురుగు. డిక్కీ దగ్గర పైపు అతుకులో బుడగ లేచింది... ఇంకొకటి... అక్కడే! పైపు మూతి చీలింది. చీలినంత మేర కోసేసి, మిగిలిన పైపు కొనని మళ్లీ మూతిలా వెడల్పు చేసి బిగించాను. నురుగు కదల్లేదు.

సాయంత్రం గ్యాసు నింపి ఇంజను వేశాను. పైపు మీద మంచు కట్టింది. రామబ్రహ్మంగారు చెయ్యి పెట్టి చటుక్కున తీసేశారు. నవ్వారు. ఈయన నవ్వడం ఇదే మొదలు.

మార్చి 5, ఆదివారం

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

బందరు దాకా ఒకసారి వెళ్లి చూద్దామన్నారు రామబ్రహ్మంగారు. డ్రైవరు పక్కన నేను. వెనక ఆయన, శారద. పల్చటి జుట్టు, పెద్ద కళ్లు. దారి పొడవునా చూసిందే చూసింది — పెడన దగ్గర అద్దకం బట్టలు ఆరేసి ఉంటే 'ఆపండి, ఆపండి' అంది. వెళ్లేటప్పుడు బాగానే ఉంది.

తిరుగు ప్రయాణంలో, కౌతరం ఇవతల, గాలి వెచ్చబడింది. అద్దాలు దించాం. బయట ఇంకా వేడి. శారద మొహం ఎర్రబడింది. మాట ముద్దగా వస్తోంది. 'నాన్నా... తల...' అని వాలిపోయింది.

కాలవ గట్టున ఆపాం. రామబ్రహ్మంగారు కూతుర్ని ఎత్తుకుని అలాగే నీళ్లలోకి దిగిపోయారు, చెప్పులతోనే. మినుము పీకుతున్న ఆడవాళ్లు పరుగున వచ్చారు. ఒకావిడ పైట తడిపి తలకి చుట్టింది. ఇంకొకావిడ కుండతో నీళ్లు పోస్తూనే ఉంది. 'ఏం కాదు తల్లీ, ఏం కాదు తల్లీ...'

ఎంతసేపో. కళ్లు తెరిచింది. ముందు వాళ్ల నాన్నని చూసింది. తర్వాత నన్ను.

'గ్యాసు ఎటు పోయిందండీ?'

మార్చి 6

రామబ్రహ్మంగారి కబురు — ఇంక వద్దు. పరీక్ష వద్దు, కారు వద్దు.



మార్చి 8

మళ్లీ కబురు. కారు పంపుతున్నారట. పాలేరు చెప్పాడు — చిన్నమ్మగారు రెండు రోజులుగా ముద్ద ముట్టలేదండీ. 'ఇంట్లో పడి ఉండి బతకడం కంటే కాలవలో తడిసి బతకడమే నయం' అన్నారంట.

మార్చి 10

దొరికింది. కంప్రెసరు ఇరుసు బయటికొచ్చే చోట సీలు. కింద సన్నటి నూనె మరక. దీపం పెట్టి ఇరుసు తిప్పితే మంట ఆకుపచ్చన. ఆపితే మామూలే. అందుకే నురుగుకి చిక్కలేదు.

నాకర్థం కానిది ఒకటే. కిందటి నెల గ్యాసుని ఆపిన సీలు ఇంతలో ఎలా పోయింది? పాలేరుని అడిగాను. 'పరీక్షదాకా జాగ్రత్తగా ఉండాలని టార్పాలిన్ కప్పి ఉంచామండీ. తాకనే లేదు.'

అదీ సంగతి! తిప్పకపోతే సీలు మీద నూనె ఆరిపోతుంది. ఎండిన సీలు గ్యాసుని ఆపలేదు. దాచినందుకే పాడైంది.

మార్చి 14

సీలు బిళ్లని గాజుపలక మీద పాలిష్ వేసి రుద్దాను, నా మొహం అందులో కనపడేదాకా. రబ్బరు రింగు బెజవాడ నుంచి డేవిడ్ పంపాడు. బిగించాను. నిన్న రాత్రి పైపుల్లోంచి గాలంతా లాగేసి వదిలాను. తెల్లారి చూస్తే మీటరు ముల్లు ఉన్న చోటే ఉంది, లీకు లేదు.

మిగిలిన గ్యాసంతా ఎక్కించాను. ఇంక చుక్క లేదు.

మార్చి 15

కారుతో ముదినేపల్లి వెళ్లాను. చెప్పాల్సింది ముఖాన చెప్పేశాను — వారానికి రెండు మూడుసార్లు మిషను తిరగాలండీ. కారు బయటికి తీయాలి.

'ఖాళీ కారు తిప్పితే చాలుగా?'

చాలు. ఆ మాటే అనబోయాను. తడిక వెనక నుంచి — 'నేను కూర్చుంటేనే కదా నాన్నా తెలిసేది, చల్లగా ఉందో లేదో.'

ఆయన నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. 'అదీ నిజమేనండీ' అన్నాను.

మార్చి 22

ముదినేపల్లి నుంచి గుడివాడ, వెనక్కి. నీళ్ల బిందెలు, తడి తువ్వాళ్లు, బందరు రేవు గిలకలదిండి నుంచి రంపపు పొట్టులో కప్పి తెచ్చిన ఐసు... అన్నీ డిక్కీలో. ఒక్కటీ వాడలేదు.

మార్చి 29

ఇవాళ శారద షెడ్డులోకే వచ్చింది. రత్నం ఐసు వేసి నిమ్మకాయ నీళ్లిచ్చింది. ఒకటే ప్రశ్నలు. 'గ్యాసు చల్లగా ఎందుకవుతుంది మావయ్యగారూ?' అరచేతిలో స్పిరిటు చుక్క వేశాను. ఆరిపోతూ చల్లబరిచింది. అరచేతిని చూసుకుంటూ ఉండిపోయింది.

'అయితే చెమటంటే ఇదేనా?'

అవునమ్మా అన్నాను. 

ఏప్రిల్ 10

మొదటి పరీక్ష. ఉత్తరం వైపు వరండా పక్కన చోటిచ్చారు. నెత్తిన తడిగుడ్డకి ఒప్పుకున్నారు. కారు చెట్టు నీడన, ఇంజను వేసే ఉంచాం. బయటికి రాగానే కారులోకి.

తోటి పిల్లలు చూస్తున్నారు. ఒకమ్మాయి అద్దం తట్టింది. శారద తలుపు తీసి ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది.

ఏప్రిల్ 15

ఆఖరి పరీక్షకి కారు నిండా ఆడపిల్లలు. చల్లగాలి చాలడం లేదు. కొందరిని దిగమందామనుకున్నాను, శారద నవ్వుతున్న మొహం చూసి మానుకున్నాను.

మే 21

రామబ్రహ్మంగారు ఒక్కరే వచ్చారు. బస్సులో.

'ఫలితాలింకా రాలేదు. అప్పుడే కాలేజీలో పి.యు.సి. చదువుతానంటోంది. సైన్సట. వాళ్లమ్మ బందరులో ఇల్లు తీసుకుందామంటోంది... నీ మాట చెప్పు సత్యం. ఈ మిషను రోజూ తిరిగితే తట్టుకుంటుందా?'

ఏం చెప్పను? పాత కంప్రెసరు. గ్యాసు కావాలంటే బెజవాడ వెళ్లాలి. 'నేనున్నానండీ' అని నోటిదాకా వచ్చింది. నేనుండేది గుడివాడలో.

రత్నం మజ్జిగ ఇస్తూ, 'ఆలోచించి చెప్తారండీ ఆయన' అంది.

మే 23

పొద్దున బస్సుకి బందరు. కాలేజీ దగ్గర ఖాళీ షెడ్లు ఏమైనా ఉన్నాయేమో... ఊరికే, కనుక్కురావడానికి. రత్నం కూడా వస్తానంటోంది.