మా ఇంటిని దాటిపోయిన సంచి

టోలీడో,
శుక్రవారం పొద్దున.

డెల్బర్ట్ నాయనా,

ఈ ఉత్తరానికి స్టాంపు అంటించలేదు. మా పోస్టు పెట్టెలోంచి నీ చేతిలోకి వచ్చేదే కదా, కోప్పడకు. ఇవాళ కోపం నా వంతు.

ఏటా మే నెలలో, తిండికి ఇబ్బందిపడేవాళ్ల కోసం మీ పోస్టుమాన్లు తిండి డబ్బాలు పోగుచేసే శనివారానికి ముందు, నింపి పెట్టమని ఇంటింటికీ కాగితపు సంచి వేస్తావు. ఈసారి వీధంతా వేసి మా ఇల్లొక్కటే దాటేశావు. అడిగితే, "మీకెందుకమ్మా శ్రమ, ఈ ఏడాదికి వదిలేయండి" అని తల దించుకున్నావు. అప్పుడు అర్థమైంది. పోయిన గురువారం చర్చి కింది గదిలో, ఉచిత సరుకుల వరసలో నన్ను చూశావు.

నీది మంచి మనసే, కాదనను. కానీ బడి వంటగదిలో ఇరవై రెండేళ్లు వడ్డించిన చెయ్యి ఇది. ఈ చేత్తో పెట్టిన బంగాళదుంప ముద్ద నువ్వూ మారు అడిగి తిన్నవాడివే. ఉద్యోగం పోతే పెట్టే చెయ్యి కూడా పోతుందా?

రెండు మొక్కజొన్న డబ్బాలు ఇస్తున్నాను. వాటితోపాటు మూత కోసే ఓపెనర్ కూడా వేశాను. అది లేక డబ్బాను కత్తితో పొడిచి వేలు కోసుకున్న ఒకాయన వరసలో నా ముందే నిలబడ్డాడు. ఇన్నేళ్లూ డబ్బాలిచ్చాను గానీ, ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

సంచి లేదు కనుక దిండు గలీబులో వేసి పెట్టెకు కట్టాను. రేపు డబ్బాలు తీసుకుని, గలీబు మాత్రం సోమవారం తెచ్చివ్వు. వచ్చే ఏడాది కూడా మా ఇల్లు దాటావంటే దుప్పటే కడతాను, దాన్ని నింపి మరీ.

నీ బడి వంటావిడ