పసుపు గది

ఫిబ్రవరి 2

ఫోన్ వచ్చింది. పాప వస్తోంది. పన్నెండో తారీఖున.

ఎనిమిదేళ్ళ పిల్ల. ముందు పది రోజులు మాతో ఉంటుందట. తర్వాత దత్తత ఆఫీసరు మేడం ఇంటికొచ్చి, తలుపేసి, పాపనే అడుగుతుందట ఇక్కడ ఉంటావా అని. ఉంటానంటేనే ఉంచుతారు. వద్దంటే వెనక్కి తీసుకెళ్ళిపోతారు, ఇంక మాట్లాడేది లేదు.

ఫైల్లో ఇష్టమైన రంగు అన్నచోట పసుపు అని రాసుంది. నాకది చాలు. ఊళ్ళోవాళ్ళ పిల్లలకి ఇరవై రెండు గదులు డిజైన్ చేశాను. ఇరవై మూడోది నా పిల్లకి. పొద్దుట్నించి కాలు ఒకచోట నిలవడం లేదు. మా ఆయన అన్నం తిన్నావా అంటే టేపు తెమ్మన్నాను.

ఫిబ్రవరి 4

పెయింటర్‌తో గొడవ. నాలుగు గోడలకీ పసుపంటే కళ్ళు జిగేల్మంటాయి, ఒక గోడకి వేసి మిగతావి తెల్లగా వదిలేద్దాం అంటాడు. పదేళ్ళుగా నాతో పనిచేస్తున్నాడు, ఆ మాట అతనికి నేర్పిందే నేను. అయినా వినలేదు. నాలుగూ పసుపే అన్నాను. కర్టెన్లూ పసుపే.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంది. కొడుకు కాదు, కూతురు అన్నాను.

ఫిబ్రవరి 5, పొద్దున్న 6

మంచం కింద డ్రాయర్లు పెట్టిస్తే?

ఫిబ్రవరి 10

అయిపోయింది. గోడకి నల్లబోర్డు, సుద్దముక్కలతో గీసుకోడానికి. సీలింగ్ హుక్‌కి గుడ్డ ఉయ్యాల. నేనే ఎక్కి ఊగి చూశాను, నన్ను మోసిందంటే ఏనుగునైనా మోస్తుంది. మూలలో చిన్న టెంట్, లోపల దిండ్లు, చదువుకోడానికి లైటు. మంచం మూలలన్నీ గుండ్రంగా తీయించి, చేత్తో తడిమి తడిమి చూశాను. ఇంత బాగా ఎవరికీ చేయలేదు. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నాను. డైరీలో కూడా చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకోను.

ఫిబ్రవరి 12

వచ్చింది. రెండు జడలు, సగమే వచ్చిన ముందు పన్ను. గది చూసి, బాగుంది ఆంటీ అంది.

బాగుందంది. వంటింట్లోకి పరిగెత్తుకెళ్ళి గంతులేశాను. అక్కడ మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ దొరికిపోయాడు.

ఫిబ్రవరి 14

మంచం బాగుంది. ఉయ్యాల బాగుంది. స్నానానికి నీళ్ళు బాగున్నాయి.

ఇవాళ కంగారులో కూరలో రెండుసార్లు ఉప్పేశాను. మా ఆయన ఒక్క ముద్ద పెట్టుకుని నీళ్ళకోసం లేచాడు. పాప ప్లేటంతా ఖాళీ చేసి, బాగుంది ఆంటీ అంది.

ఫిబ్రవరి 17

ఉయ్యాల ఎక్కలేదు. టెంట్లోకి దూరలేదు. సుద్దముక్కల పెట్టె విప్పనే లేదు. దుప్పటి నలగకుండా మంచం అంచున కూర్చుంటుంది, డాక్టరు ఎప్పుడు పిలుస్తాడా అని కూర్చున్నట్టు.

అన్నీ బాగున్నాయనేది చుట్టాలే, ఇంటిపిల్లయితే ఈపాటికి నాలుగు వంకలు పెట్టేది అంది అత్తయ్య. ఒళ్ళు మండింది. నిజం కాబట్టే మండింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ఇంక ఐదు రోజులే ఉంది. భయంగా ఉంది.

ఫిబ్రవరి 19

పెద్ద గొడవ. పాప గదిలోనే, పాప ముందే.

ఉతికిన బట్టలు సర్దుతూ అత్తయ్య ఉన్నట్టుండి, ఇదేం పసుపు తల్లీ, ఇక్కడ ఐదు నిమిషాలుంటే కామెర్లొచ్చినట్టుంది, నీకు డిగ్రీ ఎవడిచ్చాడు అంది. గోడకి క్యాలెండర్ తగిలిస్తే అదే డెకరేషన్ అనుకునేవాళ్ళకి ఏం తెలుస్తుంది అన్నాను. మా ఆయన మధ్యలోకొచ్చి ఇద్దరిచేతా తిట్లు తిన్నాడు. అరగంట తిరక్కుండానే నేను అత్తయ్య మోకాలికి మందు రాస్తున్నాను, ఆవిడ పక్కింటివాళ్ళ కబుర్లు చెప్తోంది, ఇద్దరం పడీపడీ నవ్వుతున్నాం. పాప గుమ్మంలోంచి మమ్మల్నే చూస్తోంది.

తర్వాత మా ఆయన్ని అడిగిందట, నానమ్మని ఇప్పుడెక్కడికి పంపించేస్తారు అని. ఎక్కడికీ పంపం, రేపు మళ్ళీ ఇదే గొడవ ఉంటుంది చూస్తూండు అన్నాడట. అది విని బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను.

ఫిబ్రవరి 20

గొడవ. ఈసారి కర్టెన్ల మీద. పాప స్టూలు తెచ్చుకుని మరీ కూర్చుంది.

ఫిబ్రవరి 22, మధ్యాహ్నం

మేడం వచ్చింది. నలభై నిమిషాలు తలుపేసే ఉంది. హాల్లో ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

బయటికొచ్చి కూర్చుని చెప్పింది. గది ఎలా ఉంది అని అడిగితే, బాలేదు అందట. ఇరవై రెండు గదుల్లో ఒక్కళ్ళూ అనలేదు ఆ మాట.

పసుపంటే అసలిష్టమే లేదట. హోంలో ఆ ఫారం నింపిన ఆంటీ పసుపు డ్రెస్సు వేసుకుందని, ఆవిడ బాధపడుతుందని అలా చెప్పిందట. టెంట్ చంటిపిల్లలకట. మంచం కిటికీ పక్కకి జరపాలట. సెలవులివ్వగానే గదంతా మళ్ళీ రంగులెయ్యాలట, తనే బ్రష్ పట్టుకుంటుందట. అయితే సెలవులదాకా ఇక్కడే ఉంటావా అని మేడం అడిగిందట. నేను లేకపోతే ఎవరు వేస్తారు, వీళ్ళకి రంగుల గురించి ఏం తెలీదు అందట.

అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మేడం కాగితాలు నా ముందు పెట్టింది. సంతకం వంకరపోయింది.

ఫిబ్రవరి 23

సెలవులదాకా ఆగదట. ముదురాకుపచ్చ కావాలట. నాకు ముదురాకుపచ్చంటే పరమ అసహ్యం, మొహం మీదే చెప్పేశాను.

నీ గదా, నా గదా అంది.