గోడలో బెల్లం

మంగళవారం, పడుకునే ముందు

ఇయ్యాల స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల గోల్కొండ సమాధుల ఫోటో చూపెట్టి, ఒక్కొక్కరు ఒక్క మాట చెప్పాలె అన్న. నాచారంల ఫ్యాక్టరీ ఊడ్చే యాదమ్మ లేచి, తనకొచ్చిన ఇంగ్లిష్‌ల "ఈ గోడల బెల్లం ఉంది మేడం" అన్నది. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్వి, "బెల్లం కాదమ్మా, రాయి అనాలె" అని దిద్దిన.

ఆమె కూసోలే. మెల్లగ తెలుగుల చెప్పింది.

"రాయే మేడం. పైన పూత సున్నంది. అండ్ల బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోస్తరు. రిపేరు జేసినప్పుడు రెండేండ్లు నేనే కలిపిన. గా కుడి పక్క గుమ్మటం ఉంది గదా, దానికి."

పదేండ్ల సంది అదే ఫోటో చూపెడుతున్న. కట్టించిన రాజుల పేర్లు తప్ప ఏం చెప్పలే. వాళ్ల కాలంల ఎట్ల కలిపిన్రో, ఈమె గూడ గట్లనే కలిపిందట. ఆ చేతులతోనే నా ముందట కూసొని, నేను చెప్పిన స్పెల్లింగులు రాసుకుంటున్నది.

"పైకి ఎక్కినవా?" అని అడిగిన.

"కట్టెలు కట్టి ఎక్కినం మేడం. పొద్దుగూకినంక గూడ గుమ్మటం మీద చెయ్యి పెడితే ఎచ్చగ ఉంటది."

ఉప్పల్ బస్సుల వస్తుంటే అదే యాది. ఇట్ల ఇంకెందరి నిజాన్ని తప్పని దిద్దిననో...

నేను ఈ పట్నంలనే పుట్టిన. ఆ గోడని ఒక్కసారన్న ముట్టుకోలే.