పిట్ట ఊడ్చుకున్న వాకిలి

పెద్దక్కకి నమస్కారం.
నువ్వు క్షేమంగా చేరావనుకుంటాను. ఇక్కడ క్షేమం లేదు. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ మా మగ మానకిన్ పిట్ట జాడ లేదు. అడవిలో చాపెడు నేల ఆకు కూడా లేకుండా ఊడ్చుకుని, ఆడపిట్ట మెచ్చాలని రెక్కలు టపటపలాడిస్తూ గంతులేసేది. నెలాఖరుకి ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. ఆ ఆట చూపించలేకపోతే మా పక్షి కేంద్రం మూసేస్తారు. నా ఉద్యోగం పోతుంది. నీకేమైనా తెలుసా?
తమ్ముడు

తమ్ముడికి ఆశీస్సులు.
ఆ చోటు చూశాను. నా ప్రార్థన కోసం నువ్వే ఊడ్చి ఉంచావనుకుని మురిసిపోయాను. రోజూ పొద్దున్నే అక్కడే కూర్చున్నాను. ఒక పిట్ట నన్నే చూస్తూ రెక్కలు కొట్టేది. భక్తి గల పిట్ట అనుకున్నాను.
పెద్దక్క
తా.క. చాప అక్కడే పరిచి వచ్చాను. నువ్వూ కూర్చుంటావని.

అక్కా,
అది భక్తి కాదు, తిట్లు. నేనెప్పుడైనా చీపురు పట్టగా చూశావా? చాప తీసేశాను. అంచులన్నీ పీకేసి ఉన్నాయి. పాపం, లాగీ లాగీ విసిగిపోయినట్టుంది. ఇంకా రాలేదు. నాకు అన్నం సయించడం లేదు.
తమ్ముడు
తా.క. ఆడపిట్ట వచ్చి, ఖాళీ నేల చూసి, నన్ను చూసి వెళ్ళిపోయింది.

తమ్ముడికి ఆశీస్సులు.
ప్రార్థిస్తున్నాను. ఇంట్లోనే. ఆఫీసరుకి ఉన్నదున్నట్టు చెప్పు, తప్పు మా అక్కదేనని.
పెద్దక్క
తా.క. మగపిట్ట ఊడుస్తుందన్నావు. గూడు కట్టేదీ అదేనా?

అక్కా,
ఆఫీసరు వచ్చాడు. పొద్దుటినుంచీ ఆ ఖాళీ నేల దగ్గర కూర్చోబెట్టాను. ఏమీ లేదు. "ఇక మూసెయ్యడమే" అని లేచి బాత్రూమ్‌కి వెళ్ళాడు. ఎంతకీ రాడు. మా వంట పడలేదేమోనని హడలిపోయాను. చివరికి తలుపు తీసి, నోటి మీద వేలు పెట్టి, నన్ను లోపలికి లాగాడు. కిటికీ వెనకాల మన పిట్ట ఆడుతోంది, ఆడపిట్ట చూస్తోంది. కేంద్రం నిలిచింది. కానీ అక్కడెప్పుడూ మోకాలిలోతు చెత్త ఉండేది. అంతా ఇదొక్కటే ఎలా ఊడ్చింది?
తమ్ముడు
తా.క. ఊడవడం వరకే దాని పని. గూడూ పిల్లలూ ఆడదాని నెత్తినే.
ఇంకో తా.క. పిట్ట బెదిరిపోకుండా బాత్రూమ్ ఎవరూ వాడకూడదని ఆఫీసరు ఆర్డరు.

తమ్ముడికి ఆశీస్సులు.
బాత్రూమ్ వెనకాల ఊడ్చింది నేను, అక్కడున్నప్పుడే. చూస్తూ ఊరుకోలేకపోయాను. "ఇక్కడికొచ్చీ పనేనా" అంటావని నీకు చెప్పలేదు.
దాని చోట నేను కూర్చున్నాను. నేను ఊడ్చిన చోట అది ఆడుతోంది. చెల్లుకు చెల్లు.
పెద్దక్క
తా.క. మళ్ళీ వస్తాను. ఈసారి ఎక్కడ కూర్చోవాలో దాన్నే అడిగి రాయి.