దరఖాస్తులో పదకొండో గడి

అరకులోయ,
18 నవంబరు 1978.

పూజ్యుడైన అన్నయ్యకి నీ చెల్లెలు సత్యకుమారి నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. డొంకరాయిలో నువ్వూ, ఈశ్వరమ్మ వదినా, పిల్లలూ, అమ్మా చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన వారం సంత రోజున అందింది. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాసేస్తాను, లేకపోతే నేనొకటడిగితే నువ్వొకటి రాస్తావని దెప్పుతావు. నా క్వార్టరు కప్పు ఇంకా కారుతూనే ఉంది. మంచం ఈ మూల నుంచి ఆ మూలకి జరుపుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. దగ్గు తగ్గింది. సైకిలు ఇప్పటికీ తొక్కుతున్నాను, అమ్మకి మాత్రం చెప్పకు. కాఫీ గింజలు ఎండగానే వేయించి, పొడి కొట్టించి పంపిస్తాను. అమ్మ మోకాళ్లకి ఇప్పనూనె ఒక సీసా కట్టి ఉంచాను, సీలేరు వైపు వచ్చేవాళ్లు ఎవరైనా దొరికితే ఇస్తాను. ఇక నా పెళ్లి మాట రాశావే, ఆ వాక్యం మీద చుక్క నీళ్లు పడి నాకు కనిపించలేదనుకో.

అసలు సంగతికొస్తాను. ‘ఫారంలో నా పేరు పెట్టకు. నేను కట్టిన దాని వల్ల ఒక మనిషి చెయ్యి పోయింది. మళ్లీ ఆ ఊరి మొహం చూడలేను’ అని రాశావు. అది చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. దానికి జవాబు కూడా ఈ ఉత్తరంలోనే ఉంది. కాస్త ఓపిక పట్టు.

ఊళ్లవాళ్లు పదిమందీ కలిసి తమ తెలివితో కొత్త పనిముట్లు చేసుకునే కార్యక్రమాలకి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని సమితి ఆఫీసుకి కాగితం వచ్చిందని పోయిన ఉత్తరంలో రాశాను కదా. మాలాంటి గ్రామసేవికలు దరఖాస్తు పెట్టుకోవచ్చట. వినగానే నాకు మన సూపుల సంతే గుర్తొచ్చింది. నీకూ అదే గుర్తొచ్చి ఉంటుంది, అందుకే అంత కోపంగా రాశావు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో నన్ను రైల్లో ఇక్కడికి తీసుకొచ్చింది నువ్వే కదా. సొరంగాలు ఎన్నున్నాయో నేను లెక్కపెడుతుంటే, మధ్య మధ్యలో కావాలని తప్పు అంకె చెప్పి నా లెక్క పోగొట్టావు. అప్పుడు నువ్వు రోడ్ల వాళ్ల వర్క్‌షాపులో ఫిట్టరువి. ఆదివారం వస్తే చాలు, సంచిలో ఆకురాయీ రెంచీలూ వేసుకొని నాతోపాటు కొండ మీది ఊళ్లకి బయల్దేరేవాడివి. సుక్రు తాత నీకు చోడి అంబలి పోసి, ‘ఈ ఫిట్టరు బాబు సెప్తే ఇనుము ఇంటాది’ అని అందరికీ చెప్పుకొనేవాడు. నాకు ఎంత గర్వంగా ఉండేదో నీకెప్పుడూ చెప్పలేదు.

తాత కోడలు సోములమ్మ, సామలు దంచి దంచి ఆడవాళ్ల భుజాలు పడిపోతున్నాయని అన్నప్పుడు కదూ ఇదంతా మొదలైంది. తాత ఎప్పుడో ఒరిస్సా వైపు కూలికి వెళ్లినప్పుడు చూసిన నీటి రోకలి సంగతి చెప్పాడు. దుంగకి ఒక కొస తొట్టిలా తొలిచి, రెండో కొసకి రోకలి బిగిస్తారు. కాలవ నీటితో తొట్టి నిండితే రోకలి లేస్తుంది, నీరు ఒలికిపోగానే పడి దంచుతుంది. నువ్వు పాత జీపు ఇరుసు సంపాదించుకొచ్చావు. నాలుగు ఊళ్ల వాళ్లని పిలిచాం. ఎవరికి తోచిన పనిముట్టు వాళ్లు పట్టుకొచ్చారు. ఒకాయన కోతుల్ని బెదరగొట్టే వెదురు బద్దలు తెచ్చాడు, ఒకావిడ దుంపలు తవ్వే రెండు మొనల గునపం తెచ్చింది. కొనేదీ అమ్మేదీ లేదు, ఊరికే చూసుకోవడమే, అందుకని దానికి సూపుల సంత అని సోములమ్మే పేరు పెట్టింది. ఆ మూడు రోజులూ నువ్వు నవ్వినట్టు మళ్లీ నవ్వగా నేను చూడలేదు అన్నయ్యా. ఒళ్లంతా గ్రీజు పూసుకొని ధింసా ఆటలో దూరి అందరి కాళ్లూ తొక్కావు. ఇప్పటికీ ఆ సాయంత్రాలు తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది.

సరే, ఫారం సంగతి. మొత్తం పధ్నాలుగు గడులు. పది దాకా చకచకా నింపేశాను. పదకొండో గడిలో ఇలా ఉంది: ‘ఇంతకు మునుపు ఇటువంటి కార్యక్రమము జరిపియున్నచో, అందు జరిగిన ప్రమాదములు, వాటి కారణము, బాధ్యుల పేర్లు.’ అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. సమితి గుమాస్తా చూసి, ‘ఏటమ్మా, అంత ఆలోచిస్తన్నావు? ఏమీ లేవని రాసీ, బేగి అయిపోద్ది’ అన్నాడు. రాసేద్దామనే అనుకున్నాను. అలా రాసి ఉంటే నీకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

నా ఉత్తరాలు అమ్మకి పైకి చదివి వినిపిస్తావని తెలుసు. ఇక్కడి నుంచి మాత్రం నువ్వొక్కడివే చదువుకో.

ఫారం మీద ఊరివాళ్ల వేలిముద్రలు కావాలంటే సోములమ్మ దగ్గరికి వెళ్లాను. వాకిట్లో సామలు చెరుగుతోంది. మూడు వేళ్లు ముడుచుకుపోయినా చేట జారనివ్వదు. ‘ఫిట్టరు బాబు వస్తాడా?’ అని అడిగింది. రాడు, రోకలి ఎత్తి ఉంచడానికి తను పెట్టిన ఊతకర్ర జారి నీకలా అయిందని ఇంకా కుమిలిపోతున్నాడు అన్నాను. చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

‘ఊత జారనేదు. నీరు పిలవకుండా వచ్చినాది. నువ్వే ఒగ్గీసినావు. నాకు తెలుసు.’

నిజమే అన్నయ్యా. నేనే వదిలాను.

కాలవ నీటికి వాళ్లకొక పద్ధతుంది కదా. పైన కాలవకి అడ్డంగా దింపిన పలక ఎత్తేవాళ్లు ‘నీరో’ అని కేక వెయ్యాలి. ఆ కేక మడి మడికీ మనిషి నుంచి మనిషికి కిందికి దిగాలి. కింద అంతా సిద్ధంగా ఉంటే ‘ఒగ్గీ’ అని బదులు కేక మళ్లీ అలాగే పైకి రావాలి. అది వినపడకుండా పలక ఎత్తకూడదు. కొండ మీద పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆ రోజు నువ్వు నన్ను పలక దగ్గర నిలబెట్టావు. నేను కేక వేశాను. బదులు ఇంకా రాలేదు. విశాఖ నుంచి వచ్చిన ఆఫీసరు నా పక్కనే నిలబడి మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. చీకటి పడేలోగా ఆయన ఘాటు దిగాలి. ‘ఇంతేనా అమ్మా మీ ప్రదర్శన?’ అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. పలక ఎత్తేశాను.

అప్పటికి సోములమ్మ ఇంకా రోట్లో గింజలు సర్దుతోంది. తొట్టి నిండి దుంగ లేవడంతో ఊతకర్ర దానంతటదే పడిపోయింది. నీరు ఒలకగానే రోకలి ఆవిడ చేతి మీద పడింది. అరుపు వినపడగానే నేను పలక దింపేశాను. అటు తిరిగి రెంచీలు సర్దుకుంటున్న నువ్వు తలెత్తి చూసేసరికి పలక మూసే ఉంది. అందుకే ఊత జారిందనుకున్నావు. ‘నా తప్పే, నా తప్పే’ అంటూ సోములమ్మని రెండు చేతుల మీద ఎత్తుకొని ఆఫీసరు జీపు దగ్గరికి పరుగెత్తావు. నేనూ నీ వెనకే పరుగెత్తాను. చెప్పాలనుకుంటే ఆ దారంతా ఉంది. రాత్రంతా ఆస్పత్రి వసారాలో నీ పక్కనే కూర్చున్నాను. ఆ తర్వాత నువ్వు పెట్టె సర్దుకొని డొంకరాయి వెళ్లడానికి ఇంకా నెల రోజులు పట్టింది. చెప్పలేదు. అక్కడ ఫిట్టరు పని ఇస్తామంటే వద్దని, స్టోర్సులో చీటీలు రాసే పని అడిగి తీసుకున్నావని వదిన రాసినప్పుడు కూడా నోరు విప్పలేదు. మొదట్లో ఉద్యోగం పోతుందని భయం. తర్వాత నీ దృష్టిలో నేనేమైపోతానోనని భయం. ఈ రెండోదే ఎక్కువ.

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని సోములమ్మని అడిగాను. ‘సెప్తే నిన్ను పంపించీసేవోరు. మా గుంటలకి జరం మాత్రలు ఎవులిస్తారు?’ అంది. ఎంత తేలిగ్గా అనేసిందో. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ‘నా సెయ్యి పోయింది, అది అయిపోనాది. అతని సెయ్యి కూడా ఎందుకు పోవాల? సెప్పీ’ అని, ఫారం మీద వేలిముద్ర వేసి మళ్లీ చేట తీసుకుంది.

మర్నాడు పదకొండో గడి నింపాను. ‘బదులు కేక రాకమునుపే నీరు వదులుట వలన ప్రమాదము జరిగినది. బాధ్యురాలు గ్రామసేవిక సత్యకుమారి. ఫిట్టరు తప్పు ఏమియు లేదు’ అని రాశాను. గుమాస్తా చదివి కళ్లజోడు తీసేశాడు. ‘ఇలాగ రాస్తే గ్రాంటు సంగతి దేవుడెరుగు, నీ ఉద్యోగానికే నోటీసొస్తాది’ అన్నాడు. వస్తే రానివ్వండి అన్నాను. ముద్ర వేయించుకొని రసీదు తీసుకున్నాను. ఆ రాత్రి, ఐదేళ్ల తర్వాత, ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

గ్రాంటు వచ్చినా రాకపోయినా మాఘమాసంలో సూపుల సంత చేసుకుందామని నాలుగు ఊళ్లూ పట్టుబట్టాయి. సుక్రు తాతకి చూపు తగ్గింది గానీ, చేత్తో తడుముకుంటూనే దుంగ మీది నాచంతా గీకేశాడు. ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాని దగ్గర మాత్రం మాలో ఎవరి చెయ్యీ ఆడటం లేదు. పనితనం తెలిసినవారి పేరు రాసే గడిలో నీ పేరు రాయలేదు. నువ్వు వద్దన్నావు కాబట్టి ఖాళీగా వదిలేశాను. నెలాఖరు దాకా నింపుకోవచ్చట.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు ఎప్పటిలాగే ‘సరేలే’ అని ఒక కార్డు ముక్క రాసి పడేస్తావు, అది నాకు వద్దు. ఐదేళ్లుగా నీ చేతుల్ని నువ్వు తిట్టుకుంటున్నావు. ఆ తిట్లన్నీ నాకు రావలసినవి. కాగితం మీద తిట్టకు అన్నయ్యా. ఇక్కడికొచ్చి, సోములమ్మ ముందర, సుక్రు తాత ముందర, నా మొహం మీదే తిట్టు.

ఇట్లు,
ఐదేళ్లు నీ దగ్గర నోరు మూసుకున్న నీ చెల్లెలు,
సత్యం