మూడో రాజు అంగీలో నీ సగం

సకీనా ఆపా,

పొద్దున లేచి చూస్తే, నువ్వు మా ఇంటికి తెచ్చిపెట్టిన జరీ కుట్టే చట్రం మీద మఖమల్ బట్ట రాత్రి చలికి వదులై ఉంది. తాళ్ళు ఒక్కదాన్నే లాగి కట్టాను. చర్చిలో క్రిస్మస్ నాటకం ఈ సాయంత్రమే. అందులో వచ్చే ముగ్గురు రాజుల్లో మూడో రాజు అంగీ మీద జరీ పని, నువ్వు పోయిననాడు ఆగినచోటే ఉంది. నా వైపు సగం పూర్తయింది, నీ వైపు రెండు పూల తీగలు మిగిలాయి.

"ఫలక్‌నుమాల కార్ఖానాకియ్యరాదే, మధ్యాన్నం వరకు కుట్టిస్తరు," అంది అమ్మ.

ఇంకెవరి చెయ్యీ పడకూడదన్నాను.

"గట్లయితే నువ్వే కూసో. సూస్తా నిలవడితే అదే పూస్తదా?"

నీ చోట కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు. కిటికీ నా వెనక ఉండటంతో నా నీడే బట్ట మీద పడి, సూది మొన కనపడలేదు. ఎదురుగా నా పీట మీద నిండా వెలుతురు. మొదటిరోజు నేను ఇటు కూర్చోబోతే, "అటు కూసో బిడ్డా, ఇది నా జాగా," అని కసిరావు. అది నీ పెద్దరికం అనుకున్నాను, ఇవాళ్టి దాకా.

చట్రం తిప్పుకుంటే సరిపోయేది. తిప్పలేదు. తడుముకుంటూ కుట్టాను. తీగలు కొంచెం వంకరపోయాయి. స్టేజీ మీద ఎవరికీ తెలియదంటూ అమ్మ అంగీ మడిచి తీసుకెళ్ళింది.

రేపు మీ తమ్ముడు వచ్చి చట్రం తీసుకుపోతాడు. నేను సరే అన్నాను.